టీచర్‌గా డిజిటల్ పోర్ట్‌ఫోలియో చేసుకున్నా, నా అనుభవం ఇదీ

టీచర్ ఉద్యోగాలకి అప్లై చేసేటప్పుడు ఈమధ్య రెజ్యూమేతో పాటు "పోర్ట్‌ఫోలియో లింక్ ఉంటే ఇవ్వండి" అని అడగడం మామూలైపోయింది. నేను దీంట్లోకి దిగింది కూడా అలాంటి ఒక లైన్ చూసే. మొదట నవ్వొచ్చింది, లెక్కల టీచర్‌ని నాకు పోర్ట్‌ఫోలియో (చేసిన పని నమూనాలు ఒకచోట పెట్టి చూపించేది) ఏంటి, అది డిజైనర్లకీ ఫొటోగ్రాఫర్లకీ కదా ఉండేది అని. కానీ నా రెజ్యూమే తీసి చూసుకుంటే అందులో ఉన్నదల్లా ఆరు, ఏడు తరగతులకి లెక్కలు చెప్పాను, ఫలానా ట్రైనింగ్‌లకి వెళ్లాను, అంతే. ఎలా చెప్పాను, నేను చెప్పాక పిల్లల్లో ఏం మారింది అన్నది ఒక్క ముక్క కూడా లేదు. నా పక్కన ఇంకో లెక్కల టీచర్ రెజ్యూమే పెడితే పేరు తప్ప పెద్ద తేడా కనపడదు.

దీని గురించి చదువుతుంటే తెలిసిందేంటంటే టీచర్లకి పోర్ట్‌ఫోలియో అనేది ఇవాళ పుట్టిన ఐడియా కాదు. 1980ల్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లీ షుల్మన్ అనే ప్రొఫెసర్, ఆయన టీమ్ కలిసి టీచర్ల పనిని ఒక పరీక్ష పేపర్‌తో కాకుండా ఇంకెలా అంచనా వేయొచ్చు అని ప్రయోగాలు చేశారు, పోర్ట్‌ఫోలియో ఆలోచన అప్పుడే బాగా ముందుకొచ్చింది. 1987లో అమెరికాలో మొదలైన నేషనల్ బోర్డ్ ఫర్ ప్రొఫెషనల్ టీచింగ్ స్టాండర్డ్స్ అనే సంస్థ ఇప్పటికీ టీచర్లకిచ్చే సర్టిఫికేషన్ కోసం క్లాసు వీడియోలు, పిల్లల పని, దాని మీద టీచర్ రాసుకున్న విశ్లేషణ అడుగుతుంది. అంటే అసలు సరుకు టీచర్ గురించి టీచర్ చెప్పుకునే గొప్పలు కాదు, పిల్లల నోట్‌బుక్కులన్నమాట. ఇంకో విషయం, ఆ షుల్మన్ గారే తర్వాత పోర్ట్‌ఫోలియోలతో వచ్చే ప్రమాదాలు కూడా చెప్పారు, అందులో ఒకదానికి ఆయన పెట్టిన పేరు లామినేషన్. అంటే లోపల ఏముందో వదిలేసి పైన మెరుపు చూపించడం. ఆయన ఆ మాట అన్నది అట్టపెట్టెల్లో ఫైళ్లు మోసే రోజుల్లో, ఇప్పుడు రెడీమేడ్ టెంప్లేట్లు వచ్చాక అది ఇంకా ఎక్కువైంది అని నాకనిపిస్తుంది.

ఎందుకంటే మొదలుపెట్టే ముందు నెట్‌లో దొరికిన టీచర్ పోర్ట్‌ఫోలియోలు చాలా చూశా. ఎక్కువ వాటిల్లో ఏముంటుందంటే పైన పెద్ద బ్యానర్, నవ్వుతున్న ఫొటో, ఒక కొటేషన్, సర్టిఫికెట్లు వరసగా, తర్వాత గ్రూప్ ఫొటోలు. పెళ్లి ఆల్బమ్ లాగా ఉంటాయి, అందులో ఉన్నవాళ్లకి తప్ప బయటివాళ్లకి రెండు పేజీలు తిప్పేసరికి విసుగొస్తుంది. చాలా తక్కువ వాటిల్లో ఒక పిల్లాడి రాత కనపడింది, దాని కింద టీచర్ రెండు మూడు లైన్లు రాశారు, నేను ఆగి చదివింది అవే. అప్పుడే డిసైడైపోయా, నా పోర్ట్‌ఫోలియోలో బొమ్మ ఎంత ముఖ్యమో దాని కింద రాత అంతకన్నా ముఖ్యం అని.

పని రెండు భాగాలుగా చేసుకున్నా. ఈ-పోర్ట్‌ఫోలియోల మీద చాలా ఏళ్లు పని చేసిన హెలెన్ బారెట్ అనే ఆవిడ చెప్పే విషయం ఒకటుంది, పోర్ట్‌ఫోలియోకి రెండు ముఖాలు, ఒకటి మనం పని చేసుకునే చోటు, రెండోది బయటివాళ్లకి చూపించే చోటు అని. ఇది చాలా ఉపయోగపడింది నాకు. పని చేసుకునే చోటు అంటే నా గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్, అందులో ఏదైనా పడేయొచ్చు, సర్దక్కర్లేదు, ఎవరూ చూడరు. చూపించే చోటు అంటే వెబ్‌సైట్, అక్కడికి వెళ్లేది చాలా కొంచెం. ఈ రెండిటినీ కలిపేస్తే ఏమవుతుందంటే దాచుకునేటప్పుడే "ఇది బాగుందా లేదా" అని ఆలోచిస్తాం, దాంతో అసలు దాచుకోవడమే మానేస్తాం.

ఇక ఏరడం. ఫోన్‌లో క్లాసు ఫొటోలు వేలల్లో ఉన్నాయి, నా దగ్గరే కాదు ఏ టీచర్ దగ్గరైనా అంతే అనుకుంటా. లెసన్ ప్లాన్లు, వర్క్‌షీట్లు, టెస్ట్ పేపర్లు, ట్రైనింగ్ సర్టిఫికెట్లు, పేరెంట్స్ పంపిన మెసేజ్‌లు, పిల్లలు వేసిచ్చిన గ్రీటింగ్ కార్డులు. అన్నీ ముద్దొచ్చేవే. ఏరడానికి నేను పెట్టుకున్న ప్రశ్న ఒకటే, దీన్ని చూస్తే నన్ను ఎరగని మనిషికి నా క్లాసులో పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో ఏమైనా తెలుస్తుందా? తెలియకపోతే పక్కకి. ఈ లెక్కన గ్రీటింగ్ కార్డులు పోయాయి (బాధేసింది, అవి ఇంట్లో డబ్బాలో ఉన్నాయిలెండి), గ్రూప్ ఫొటోలు పోయాయి, సర్టిఫికెట్లు చాలావరకు పోయి ఒక చిన్న లిస్టుగా మిగిలాయి. చార్టులు కూడా పోయాయి, ఎందుకంటే గోడ మీద అందంగా ఉన్న చార్టు చూస్తే అది పిల్లలు చేశారో నేను రాత్రి కూర్చుని చేశానో ఎవరికీ తెలీదు. మిగిలింది చూస్తే ఎక్కువగా నోట్‌బుక్ పేజీల ఫొటోలే, అందులోనూ తప్పులున్న పేజీలు.

ఒక్కటి వివరంగా చెప్తా, ఎందుకంటే నా పోర్ట్‌ఫోలియో మొత్తానికి అదే గుండెకాయ. భిన్నాల కూడిక. 1/2 + 1/3 ఎంత అంటే క్లాసులో బోలెడుమంది 2/5 అని రాస్తారు, పైవాటిని పైవాటితో కిందవాటిని కిందవాటితో కూడేసి. ఇది లెక్కలు చెప్పే ప్రతి టీచర్‌కీ తెలిసిన తప్పే. నా దగ్గరున్న మొదటి ఫొటో ఆ పేజీదే. నేను దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేయకుండా పక్కన "2/5 సగం కన్నా ఎక్కువా తక్కువా?" అని మాత్రం రాసి ఇచ్చా. సగానికి ఇంకేదో కలిపితే సగం కన్నా తక్కువ వచ్చిందేంటి అని పిల్లలే బుర్ర గోక్కోవాలి, అదీ ఉద్దేశం. తర్వాత రోజు ఒకే పొడవున్న కాగితం పట్టీలు ఇచ్చి ఒకదాన్ని రెండుగా, ఒకదాన్ని మూడుగా, ఒకదాన్ని ఆరుగా మడిచి పక్కపక్కన పెట్టి చూసుకోమన్నా, 3/6, 2/6 కలిసి 5/6 అవడం కంటికి కనపడుతుంది. ఆ పట్టీల ఫొటో రెండోది.

ఇక్కడ ఒక పిల్లాడు లేచి అడిగిన ప్రశ్న ఉంది, అది మాత్రం ఫొటోలో లేదు, క్లాసు అవ్వగానే నా డైరీలో రాసుకున్నా. "టీచర్, మొన్న టెస్ట్‌లో రెండు బిట్లలో ఒకటి కరెక్టు, ఇంకో టెస్ట్‌లో మూడు బిట్లలో ఒకటి కరెక్టు, మొత్తం కలిపితే ఐదులో రెండే కదా, మరి 2/5 తప్పెలా అవుతుంది?" అన్నాడు. చూడండి, వాడు చెప్పింది తప్పు కాదు! బిట్లు కలిపేటప్పుడు మొత్తం మారిపోతోంది, రెండు బిట్ల మొత్తం వేరు, మూడు బిట్ల మొత్తం వేరు, కలిపాక ఐదు బిట్ల మొత్తం ఇంకా వేరు. భిన్నాల కూడికలో మాత్రం అన్నీ ఒకే మొత్తంలో ముక్కలు అయ్యుండాలి. ఈ తేడా వాడి ప్రశ్న వల్లే క్లాసులో బయటికొచ్చింది, నేను ప్లాన్ చేసింది కాదు. ఒకే పొడవు పట్టీలే ఎందుకు తీసుకోవాలో కూడా పిల్లలకి అప్పుడే అర్థమైంది.

మూడో ఫొటో, కొన్నాళ్లకి ఇచ్చిన చిన్న స్లిప్ టెస్ట్. 2/5 + 1/4 చేయమని ఇచ్చి, చేసే ముందు అంచనా రాయమన్నా. ఒకమ్మాయి "2/5 సగానికి కొంచెం తక్కువ, పావు కలిపితే సగం దాటుతుంది, ఒకటి కాదు" అని రాసి తర్వాత 13/20 తెచ్చింది. నాలుగో ఫొటో, అదే టెస్ట్‌లో ఇంకో అమ్మాయిది, 3/9. అవును, మళ్లీ పైవి పైవి కిందవి కిందవి. దాన్ని కూడా పెట్టా. మా స్టాఫ్‌రూమ్‌లో చూసినవాళ్లు "అదెందుకు మేడమ్, తీసేయండి, ఇంటర్వ్యూలో అదే పట్టుకుంటారు" అన్నారు. నేను తీయలేదు, క్లాసంటే అందరూ ఒకేసారి మారిపోయే చోటు కాదని టీచర్ ఎవరికైనా తెలుసు, అందరూ మారిపోయారని చూపిస్తే నమ్మేదెవరు.

ఇప్పుడు రాత సంగతి. ఫొటో పెట్టడం ఐదు నిమిషాల పని, దాని కింద ఏం రాయాలన్నది గంటలు తింటుంది. చాలా చోట్ల కనపడే వాక్యం "విద్యార్థులు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు". ఈ వాక్యం ఏ ఫొటో కింద పెట్టినా సరిపోతుంది, కాబట్టి ఏ ఫొటో కిందా అక్కర్లేదు. నేను మూడు ప్రశ్నల పద్ధతి వాడా, ఏం జరిగింది, అయితే ఏంటి, ఇక ఏం చేయాలి. ఇది రిఫ్లెక్షన్ (మనం చేసిన పనిని మనమే వెనక్కి తిరిగి చూసుకోవడం) రాయడానికి నర్సింగ్‌లో, టీచింగ్‌లో చాలామంది వాడే పద్ధతే. మొదటి ప్రశ్నకి ఎవరైనా రాసేస్తారు. రెండో ప్రశ్న దగ్గరే అందరం ఇరుక్కుంటాం. ఆ 2/5 పేజీ కింద "అయితే ఏంటి"కి నేను రాసింది ఇలా ఉంటుంది, "ఈ పిల్లాడికి కూడిక వచ్చు, భిన్నం ఒక సంఖ్య అన్న సంగతే ఇంకా రాలేదు, పైనొక సంఖ్య కిందొక సంఖ్య అనుకుంటున్నాడు. అందుకని పద్ధతి మళ్లీ చెప్పకుండా సైజు గురించి అడిగాను." అంతే, ఎక్కువ లేదు. కానీ ఆ రెండు లైన్ల వల్ల చదివేవాళ్లకి నేను ఆ ప్రశ్న ఎందుకు అడిగానో తెలుస్తుంది. షుల్మన్ 1986లో చెప్పిన ఇంకో మాటుంది, సబ్జెక్ట్ తెలిసుండటం వేరు, చెప్పే విధానం తెలిసుండటం వేరు, ఈ సబ్జెక్ట్‌లో ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో తెలిసుండటం ఈ రెండూ కలిసిన ప్రత్యేకమైన జ్ఞానం అని. టీచర్ చేతిలో ఆ జ్ఞానం ఉందని చూపించే చోటు ఈ క్యాప్షనే, సర్టిఫికెట్ కాదు.

క్యాప్షన్లు పొడుగ్గా రాసుకుని తర్వాత కోసుకుంటూ వచ్చా, ఫోన్‌లో చదివేవాళ్లు స్క్రీన్ నిండా రాత చూస్తే దాటేస్తారు. ఏఐతో రాయించుకోవచ్చు కదా అన్నారు ఒకరిద్దరు. తప్పులు దిద్దించుకోవడానికి ఓకే, కానీ ఆ క్లాసులో ఆ పిల్లాడు ఏమన్నాడో దానికేం తెలుసు, అది రాసిస్తే మళ్లీ "ఎంతో ఉత్సాహంగా" దగ్గరికే వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది పిల్లల వివరాల దగ్గర, దీని గురించి ఎక్కువ చెప్తా, చాలామంది తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి. మొదటిది పర్మిషన్. స్కూల్ అడ్మిషన్ అప్పుడు ఫొటోల కోసం పేరెంట్స్ సంతకం పెట్టి ఉండొచ్చు, కానీ అది స్కూల్ వాడుకోడానికి, నా సొంత వెబ్‌సైట్‌కి అది పనికిరాదు. నేను ఒక చిన్న ఫారం తయారు చేసుకుని ప్రిన్సిపాల్ గారికి చూపించి ఆవిడ సరే అన్నాక పేరెంట్స్‌కి పంపా. అందులో ఏం వాడతాను, ఎక్కడ పెడతాను, ఎవరు చూస్తారు, వద్దనుకుంటే ఎప్పుడైనా చెప్పొచ్చు, చెప్పగానే తీసేస్తా అని మామూలు మాటల్లో రాశా. మొహాలు అస్సలు పెట్టను అని కూడా రాశా, దాంతో చాలామందికి భయం పోయింది. నిజానికి మొహాలు అవసరమే రాలేదు, చేతులు, పట్టీలు, నోట్‌బుక్కు, బోర్డు ఉంటే చాలు.

పేర్లు మాత్రం ఎక్కడెక్కడో దూరి ఉంటాయి చూడండి. నోట్‌బుక్ పేజీ పైన రోల్ నంబర్, వెనకాల బోర్డు మీద క్లాస్ లీడర్ల పేర్లు, యూనిఫామ్ మీద స్కూల్ పేరు, ఇవి కనపడేవి. కనపడనివి ఇంకా ఉన్నాయి. ఫైల్ పేరు ఒకటి, ఫొటోకి పిల్లాడి పేరుతో సేవ్ చేసుకుని అలాగే అప్‌లోడ్ చేస్తే పేజీ మీద పేరు చెరిపినా ఫైల్ పేరులో ఉండిపోతుంది. ఎక్సిఫ్ డేటా (ఫొటో ఫైల్ లోపల దాగి ఉండే వివరాలు) ఇంకొకటి, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఎక్కడ తీశారో ఆ ఫైల్‌లోనే రాసి ఉంటుంది. కొన్ని సైట్లు అప్‌లోడ్ చేసినప్పుడు దాన్ని తీసేస్తాయి, కొన్ని తీయవు, దాని మీద ఆధారపడకుండా నేను ముందే లొకేషన్ తీసేసిన కాపీ చేసుకుని అదే పెడతా. ఇంకోటి పీడీఎఫ్. పేరు మీద నల్ల డబ్బా గీస్తే పేరు పోయిందనుకుంటాం, కానీ చాలాసార్లు ఆ డబ్బా కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ చేస్తే వచ్చేస్తాయి. ఇమేజ్‌గా మార్చి ఆ ఇమేజ్‌లోనే చెరపాలి. బ్లర్ కన్నా కత్తిరించేయడం మేలు, కత్తిరించలేకపోతే ముదురు రంగుతో పూర్తిగా పూసేయాలి. హైలైటర్ లాంటి బ్రష్‌తో పూస్తే బ్రైట్‌నెస్ పెంచినప్పుడు కింద ఉన్నది కనపడే ఛాన్స్ ఉంది.

చేతిరాత సంగతేంటి, తోటి పిల్లలు గుర్తుపడతారు కదా అని ఒక పేరెంట్ అడిగారు. కరెక్టే. వాళ్లమ్మాయి స్లిప్‌ని ఫొటో బదులు నేనే అదే పదాల్లో మళ్లీ టైప్ చేసి పెట్టా, కింద "విద్యార్థిని రాసింది రాసినట్టే టైప్ చేశాను" అని ఒక లైన్ చేర్చా.

ప్లాట్‌ఫామ్ ఏది అన్నదానికి అందరూ ఎక్కువ తల బద్దలు కొట్టుకుంటారు, నా దృష్టిలో అది చివరగా ఆలోచించాల్సింది. వర్డ్‌ప్రెస్, విక్స్, గూగుల్ సైట్స్, కాన్వా, పాడ్‌లెట్, దేంట్లోనైనా చేయొచ్చు. యూనివర్సిటీల్లో, టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకి మహారా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కూడా ఉంది, అది పోర్ట్‌ఫోలియోల కోసమే 2006లో న్యూజిలాండ్‌లో మొదలైంది, కానీ దాన్ని ఏదైనా సంస్థ సర్వర్ మీద నడిపిస్తే తప్ప మనలాగా సొంతంగా చేసుకునేవాళ్లకి అంత వీలు కాదు. నేను గూగుల్ సైట్స్ తీసుకున్నా, కారణం పెద్దదేం లేదు, ఫ్రీ, నా ఫైళ్లు అప్పటికే డ్రైవ్‌లో ఉన్నాయి, దాంట్లో డిజైన్ ఆప్షన్లు తక్కువ. తక్కువ అవడమే నాకు నచ్చింది, రంగులు మార్చుకుంటూ కూర్చునే ఛాన్స్ ఉండదు. సెర్చ్‌లో రాకుండా చూడమని సెర్చ్ ఇంజిన్లని కోరే సెట్టింగ్ కూడా ఉంది, అది ఆన్ చేసుకున్నా, లింక్ ఇచ్చినవాళ్లు చూస్తే చాలు నాకు.

ఒక్క విషయం మాత్రం ఎవరైనా మొదట్లోనే చూసుకోవాలి, స్కూల్ ఇచ్చిన ఈమెయిల్ అకౌంట్‌తో చేయొద్దు. స్కూల్ మారితే ఆ అకౌంట్ మూసేస్తారు, అది వాళ్ల హక్కు, దాంతో పాటు సైటూ పోతుంది, డ్రైవూ పోతుంది. నాకు తెలిసిన ఒక టీచర్‌కి ఇలాగే అయింది, ఆవిడ కొత్త చోట చేరాక పాత లింక్ ఓపెన్ చేస్తే ఏమీ లేదు. పర్సనల్ అకౌంట్‌లోనే చేయాలి. గూగుల్‌లో ఫ్రీగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కీ ఫొటోలకీ డ్రైవ్‌కీ కలిపి కాబట్టి వీడియోలు ఎక్కువ పెడితే నిండిపోతుంది, ఆ లెక్క చూసుకోవాలి.

ఇంకో చిక్కు పర్మిషన్లది. సైట్ పబ్లిక్ చేసినంత మాత్రాన అందులో పెట్టిన డ్రైవ్ ఫైల్ పబ్లిక్ అవ్వదు, దాని షేరింగ్ దానికే విడిగా ఉంటుంది. మన బ్రౌజర్‌లో మనం లాగిన్ అయ్యుంటాం కాబట్టి మనకి అన్నీ చక్కగా కనపడతాయి. మా కంప్యూటర్ సార్‌కి లింక్ పంపితే "మేడమ్, పేజీ వస్తోంది గానీ మధ్యలో పర్మిషన్ అడుగుతోంది, ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి చూడండి" అన్నారు. ఆ విండోలో మనం లాగిన్ అయ్యుండం కాబట్టి బయటివాళ్లకి కనపడేదే మనకీ కనపడుతుంది. అప్పట్నుంచి ఏది మార్చినా ఇన్‌కాగ్నిటోలో, తర్వాత ఫోన్‌లో చూస్తా. అలాగని ఫోల్డర్ మొత్తానికి లింక్ షేరింగ్ ఆన్ చేసేయకూడదు, ఆ ఫోల్డర్‌లో పిల్లల పేర్లున్న ఒరిజినల్స్ ఉంటాయి కదా. పెట్టాల్సిన కాపీలకి విడిగా ఒక ఫోల్డర్ చేసుకుని దానికి మాత్రమే పర్మిషన్ ఇచ్చా. కొన్ని ఫోన్లు ఫొటోలని హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో దాస్తాయి, చాలా బ్రౌజర్లలో అది ఓపెన్ అవ్వదు, జేపీఈజీ చేసి పెట్టాలి. పాత తెలుగు ఫాంట్లలో టైప్ చేసిన వర్క్‌షీట్లు కూడా అంతే, ఆ ఫాంట్ లేని చోట పిచ్చి గీతలు వస్తాయి, యూనికోడ్‌లో (ఎక్కడైనా తెలుగు తెలుగులాగే కనపడే పద్ధతి) మళ్లీ టైప్ చేసుకోవాలి లేదా ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్‌గా పెట్టాలి.

చూపు సరిగ్గా లేనివాళ్ల గురించి కూడా కొంచెం పట్టించుకున్నా, టీచర్ పోర్ట్‌ఫోలియోలో అది లేకపోతే అదేం టీచింగ్. వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ ప్రకారం మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ (ముదురు, లేత తేడా) కనీసం 4.5:1 ఉండాలి, లేత బూడిద రంగు అక్షరాలు తెల్ల పేజీ మీద చాలా టెంప్లేట్లలో స్టైల్‌గా ఉంటాయి గానీ ఇందులో ఫెయిలవుతాయి. ఫొటోలకి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ చూడలేనివాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించే వివరణ) రాశా, "నోట్‌బుక్ ఫొటో" అని కాదు, "1/2 + 1/3 = 2/5 అని రాసిన పేజీ, పక్కన టీచర్ అడిగిన ప్రశ్న" అని.

వీడియో ఒకటే పెట్టా, పట్టీలు మడిచిన రోజుది, కెమెరా వెనక నుంచి బల్ల మీదకి పెట్టి తీసింది, కాబట్టి చేతులే కనపడతాయి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టొచ్చు కానీ అన్‌లిస్టెడ్ అంటే ప్రైవేట్ కాదు, లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు, ఇంకొకరికి పంపొచ్చు. పిల్లల గొంతులో పేర్లు పిలుచుకోవడం వినపడుతుంది కాబట్టి ఆ ముక్కలు తీసేశా, మిగిలిన మాటలకి సబ్‌టైటిల్స్ టైప్ చేశా. క్లాసులో ఫ్యాన్ చప్పుడు ముందు మాట వినపడదు, సబ్‌టైటిల్స్ లేకపోతే ఆ వీడియో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

టీచింగ్ ఫిలాసఫీ అని ఒక పేజీ అందరూ పెడతారు, ఎక్కువమంది మొదట రాసేది అదే. నేను చివర్లో రాశా, దానికొక కారణం ఉంది. మొదట రాస్తే మనసుకి నచ్చిన మాటలన్నీ వచ్చేస్తాయి, ప్రతి పిల్లాడూ ప్రత్యేకం, నేను ఆటపాటలతో నేర్పుతాను, ఇలాంటివి. పేజీలన్నీ అయ్యాక రాస్తే ప్రతి వాక్యానికీ "దీనికి సాక్ష్యం ఏ పేజీలో ఉంది?" అని అడగొచ్చు. అలా అడిగితే సాక్ష్యం లేని వాక్యాలు చాలానే రాలిపోయాయి. టెక్నాలజీని విరివిగా వాడతాను అని రాద్దామనుకున్నా, కానీ నేను పెట్టిన వాటిల్లో అన్నిటికన్నా బాగా పని చేసింది కాగితం పట్టీ! ఆ వాక్యం రాయలేదు. మిగిలిన వాటిల్లో ఒకటి, "పిల్లల తప్పు వెనక లాజిక్ ఏంటో కనుక్కున్నాకే దిద్దుతాను", దానికి లింక్ భిన్నాల పేజీకి. ఇలా ప్రతి వాక్యం నుంచి ఒక పేజీకి లింక్ ఇచ్చుకుంటూ పోతే ఫిలాసఫీ పేజీయే మొత్తం సైట్‌కి విషయసూచిక అయిపోయింది, విడిగా మెనూ పెట్టినా ఎవరూ వాడట్లేదు.

వేరేవాళ్లవి వాడుకున్న చోట ఆ విషయం రాశా. నేను వాడే వర్క్‌షీట్లలో కొన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని చేసినవాళ్లే ఇచ్చే అనుమతి) ఉన్నవి, వాటికి ఎవరు చేశారో, ఏ లైసెన్సో చెప్పాలి, మార్పులు చేస్తే చేశామని చెప్పాలి. పాఠ్యపుస్తకం పేజీల స్కాన్లు మాత్రం పెట్టలేదు, నా పని అది కాదు కాబట్టి, కాపీరైట్ గొడవ వేరే.

తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఇది ఎలా పనికొచ్చిందో చెప్తా. ప్యానెల్‌లో ఒకరు ముందే చూసి వచ్చారు, మిగతావాళ్లు అక్కడే ఓపెన్ చేశారు. సర్టిఫికెట్ల లిస్ట్ ఎవరూ అడగలేదు. భిన్నాల పేజీ తెరిచి "ఆ 3/9 రాసిన అమ్మాయికి తర్వాత ఏం చేశారు మేడమ్?" అని అడిగారు. స్టాఫ్‌రూమ్‌లో తీసేయమన్నారే, దాని గురించే మాట్లాడుకున్నాం చాలాసేపు. ఆ అమ్మాయి పట్టీలతో చేస్తే కరెక్ట్‌గా చేస్తుంది, కాగితం మీద సంఖ్యలు చూడగానే పాత అలవాటుకి వెళ్లిపోతుంది, అందుకని మధ్యలో నంబర్ లైన్ తెచ్చా, పట్టీ బొమ్మ తనే గీసుకుని దాని కింద సంఖ్యలు రాసుకోమన్నా, కొన్నాళ్లు లెక్క చేయకుండా అంచనా మాత్రమే రాయమన్నా, అని చెప్పా. "ఇది కూడా పేజీలో రాయండి" అన్నారు ఆ ప్రశ్న అడిగినావిడ. నిజమే, మూడో ప్రశ్న, ఇక ఏం చేయాలి, దాని కింద అది ఇప్పుడు ఉంది.

అక్కడ ఇంకోటి కూడా అర్థమైంది. నెట్ సరిగ్గా లేని చోట లింక్ చూపించడం కుదరదు, అందుకని ముఖ్యమైన పేజీలతో ఒక చిన్న పీడీఎఫ్ కూడా ఫోన్‌లో పెట్టుకుని వెళ్లా, వీడియో బదులు అందులో ఫొటో ఉంటుంది. అదే బ్యాకప్‌గా కూడా పనికొస్తుంది, ఎందుకంటే ఏ కంపెనీ సర్వీసూ ఎప్పటికీ ఉంటుందని లేదు, గూగుల్ సైట్స్‌లోనే పాత వెర్షన్ ఆపేసి అందర్నీ కొత్తదానికి మారమన్న సందర్భం ఉంది. ఫైళ్లు మన దగ్గర ఉంటే సైట్ ఇంకోచోట మళ్లీ కట్టుకోవచ్చు, అందుకే డ్రైవ్ ఫోల్డర్ కాపీ ఒకటి హార్డ్ డిస్క్‌లో కూడా ఉంది.

ఇప్పుడైతే యూనిట్ అయ్యాక కూర్చుని ఒకసారి చూసుకుంటా, పని చేసుకునే ఫోల్డర్‌లో కొత్తగా ఏం పడిందో. ఒకటి సైట్‌లోకి వెళ్తే పాతది ఒకటి తీయాలన్న రూల్ పెట్టుకున్నా, లేకపోతే మళ్లీ గోడౌన్ అయిపోతుంది. చుట్టుకొలత, వైశాల్యం మధ్య పిల్లలు పడే తికమక మీద ఒక పేజీ రెడీ అవుతోంది. చుట్టుకొలత పెరిగితే వైశాల్యం కూడా పెరగాల్సిందే అని గట్టిగా వాదించిన ఒక గ్రూప్ పని అది, తాడు ముక్కతో వాళ్లే దాన్ని తప్పని చూపించుకున్నారు. ఫొటోలు కత్తిరించడం అయిపోయింది, రెండో ప్రశ్న కింద రాత ఇంకా నచ్చలేదు, కొందరు పేరెంట్స్ దగ్గర్నుంచి ఫారాలు కూడా రావాలి. అవి వచ్చేదాకా డ్రాఫ్ట్‌లోనే ఉంటుంది.